బ్రిక్ లేన్ వీథి: జాతిద్వేషము నెదిరించిన ఒక పేట చరిత్ర

లండను మహానగరమునకు తూర్పుభాగమున, పూర్వపు కోటగోడల కావల, స్పిటల్‌ఫీల్డ్స్ అను పేటలో ఫోర్నియర్ వీథియు బ్రిక్ లేన్ వీథియు కలిసికొనుచోట ఇటుకలతో కట్టిన పురాతన ప్రార్థనామందిర మొకటి కలదు. దానిని 1743లో కట్టించినవారు, ఫ్రాన్సుదేశమున మతహింసకు తాళజాలక పారివచ్చిన హ్యూగనాట్లనెడి ప్రొటెస్టెంటు క్రైస్తవులు. 1819లో అది మెథడిస్టుల చేతికి వచ్చెను. 1898లో రష్యా సామ్రాజ్యమునుండి వలసవచ్చిన యూదుల ప్రార్థనాలయ మయ్యెను. 1976లో వంగదేశీయ ముస్లిముల మసీదుగా మారెను. అన్యోన్య సహనమునకు నిదర్శనముగా ఈ మందిరమును పలువురు రచయితలు ఉదాహరింతురు. అది నిజమే కాని సగము నిజము మాత్రమే. గోడలలోపల ఒక సమూహము వెనుక మఱియొక సమూహము ప్రశాంతముగా ప్రవేశించినట్లు కనబడినను, గోడల వెలుపల, వీథిలో, వారిలో ఎవ్వరికిని అట్టి ప్రశాంతి లభింపలేదు. ఆ వీథిలో నిర్భయముగా నడచు హక్కును ప్రభుత్వమో న్యాయస్థానమో దయచేయుటకు ముందే, దర్జీలును, ఓడరేవు కూలీలును, భోజనశాలల పనివారును దానిని తమంతట తాము సంపాదించుకొనవలసివచ్చెను. ఆ సంపాదనలో ఊరేగింపులకును సభలకును ఎంత భాగము కలదో, తమకు జరిగిన హింసను తేదీవారీగా వ్రాసిపెట్టి, అది వట్టి అల్లరి కాదు, జాతిద్వేషమేయని అధికారులచేత ఒప్పించిన ఓర్పుగల శ్రమకు అంతకంటె హెచ్చు భాగము కలదని నా అభిప్రాయము.

హ్యూగనాట్ల పట్టునేత కాలమును ఇచట విస్తరింపను. 1881లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు హతుడైన పిమ్మట ఆ సామ్రాజ్యమున యూదులపై చెలరేగిన దాడులకు జడిసి పడమటి దేశములకు తరలిపోయినవారిలో ఒకపాయ ఈ పేటను చేరెను. ఇరుకు గదులలో బట్టలు కుట్టుచు, టోపీలు చేయుచు, జోళ్ళు కుట్టుచు వారు పొట్టపోసికొనుచుండగా, అద్దెలు పెరుగుటకును కూలి తగ్గుటకును వారే కారణమని చాటుచు 1901లో బ్రిటిష్ బ్రదర్స్ లీగ్ అను సంఘము బయలుదేరెను. దానికి స్టెప్నీ పార్లమెంటు సభ్యుడైన మేజర్ ఇవాన్స్ గోర్డన్ అండగా నిలిచెను. నాలుగేండ్లకు, 1905లో, పరదేశీయుల రాకను నిరోధించు ఏలియన్స్ చట్టము వెలువడెను. ఇంటి యజమాని పెంచిన అద్దెకు ప్రక్కగదిలోని పరదేశిని నిందించు ఈ విపరీత తర్కము తరువాతి శతాబ్దమంతయు ఆ పేటను విడువలేదు. దానిని మనస్సునందుంచుకొన్నగాని తరువాతి కథ అర్థము కాదు.

1930 దశకమున ఆ తర్కమునకు నల్లచొక్కా తొడిగినవాడు సర్ ఆస్వాల్డ్ మోస్లే. ఇటలీ, జర్మనీ దేశముల నిరంకుశ నాయకులను అనుకరించుచు తాను స్థాపించిన ఫాసిస్టు సంఘముయొక్క నాలుగవ వార్షికోత్సవమునకై 1936 అక్టోబరు 4వ తేదీ, ఆదివారమునాడు, సైనికవేషధారులైన తన అనుచరులను యూదులు నివసించు పేటల నడుమగా నడిపింప నతడు నిశ్చయించెను. జ్యూయిష్ పీపుల్స్ కౌన్సిల్ అను ప్రజాసంఘమువారు, ఈ కవాతును నిషేధింపుడని కోరుచు, కొలది దినములలోనే ఇంచుమించు 1,00,000 సంతకములు సేకరించి హోం మంత్రికి సమర్పించిరి. మంత్రి నిషేధింపలేదు. సంపన్నులైన యూదులకు ప్రాతినిధ్యము వహించు బోర్డ్ ఆఫ్ డెప్యూటీస్ పెద్దలు, ఆ దినమున ఇండ్లు కదలవలదని తమవారికి హితవు చెప్పిరి. లేబర్ పార్టీ నాయకులును దూరముగా నుండుడనియే బోధించిరి. కమ్యూనిస్టు పార్టీవారు మొదట స్పెయిను ప్రజాప్రభుత్వమునకు సానుభూతిగా ట్రఫాల్గర్ స్క్వేరులో సభ తలపెట్టి కరపత్రములు సైతము అచ్చొత్తించియుండిరి. పేటలోని తమ కార్యకర్తలే ఒత్తిడిచేయగా, ఆ కరపత్రములమీదనే, స్థలము మారినది, ఆల్డ్‌గేటుకు రండని మరల ముద్రవేసి పంచిరి. పెద్దలందఱు కూడదన్నపుడు పిన్నలు కదలుటయు, పార్టీ వెనుకాడినపుడు పేట దానిని ముందుకు త్రోయుటయు ఈ చరిత్రలో పలుమార్లు కనబడును. వానిలో ఇది స్ఫుటమైనది.

ఆ ఆదివారము గార్డినర్స్ కార్నర్ అను కూడలిలో లక్షకు తక్కువకాని జనము నిండిపోయెను. ఒక ట్రాముబండి డ్రైవరు తన బండిని నడివీథిలో నిలిపి దిగిపోయెను. ఆ బండియే అడ్డుగోడ యయ్యెను. ఆరేడువేలమంది పోలీసులు, వారిలో అశ్వదళము, జనమును చీల్చి మోస్లేకు త్రోవచేయ ప్రయత్నించి విఫలులై, దక్షిణమున కేబుల్ స్ట్రీట్ వైపునకు మరలిరి. అచట యూదు దర్జీలును ఐరిష్ ఓడరేవు కూలీలును కలిసి లారీని బోర్లించి, పాతసామానులును ఇటుకలును పేర్చి అడ్డుకట్టలు కట్టియుండిరి. మేడల కిటికీలలోనుండి స్త్రీలు చేతికందిన దెల్ల విసరిరి. బాలురు గుఱ్ఱముల కాళ్ళక్రింద గోలీలు దొర్లించిరి. తుదకు పోలీసు కమిషనరు సర్ ఫిలిప్ గేమ్, ఊరేగింపును విరమించి పడమరకు మరలిపొమ్మని మోస్లేకు ఆజ్ఞయిచ్చెను. యూదులును ఐరిష్‌వారును పూర్వము సఖ్యముగా నుండినవారు కారు. అయినను 1912లో ఓడరేవు సమ్మె జరిగినపుడు యూదు కుటుంబములు ఐరిష్ కూలీల బిడ్డలను తమ యిండ్లకు చేర్చుకొని అన్నముపెట్టిన సంగతి ఆ వీథులలో మరపునకు రాలేదు.

ఈ విజయగాథను ఇంతటితో ముగించుట చాలమందికి ఇష్టము. కాని మరుసటి ఆదివారముననే మైల్ ఎండ్ వీథిలో ఫాసిస్టు యువకులు యూదుల అంగళ్ళ అద్దములు పగులగొట్టి, కంటబడినవారిని కొట్టిరి. ఆ యేడాది చివర వెలువడిన పబ్లిక్ ఆర్డర్ చట్టము రాజకీయ సైనికవేషమును నిషేధించెను కాని ద్వేషమును నిషేధింపజాలదు గదా. 1937 మార్చిలో జరిగిన లండను కౌంటీ కౌన్సిలు ఎన్నికలలో బెత్నల్ గ్రీన్‌నందు మోస్లే అభ్యర్థులకు ఐదవవంతునకు మించి ఓట్లు పడెను. అడ్డుకట్టకంటె లోతైన పనియొకటి అవసరమని గ్రహించినవారిలో కమ్యూనిస్టు కార్యకర్త ఫిల్ పిరాటిన్ ముఖ్యుడు. ఇంటి అద్దెలే ద్వేషమునకు ఎరువగుచున్నవని అతడు వాదించెను. స్టెప్నీ అద్దెదారుల రక్షణసంఘము సమ్మెలుచేసి అద్దెలు తగ్గించినపుడు, మరమ్మతులు చేయించినపుడు, ఇల్లు ఖాళీచేయింప వచ్చిన అధికారులను అడ్డుకొన్నపుడు, రక్షింపబడిన కుటుంబములలో మోస్లే సంఘమున సభ్యత్వమున్నవియు కలవు. పొరుగువాని మతమెట్టిదైనను తన గదిపై కారు కప్పును బాగుచేయించుటకు వాడే తోడువచ్చెనని కన్నులార చూచినవాడు సభ్యత్వపు చీటిని చింపివేయుట సహజము. ఈ సంఘమునకు ఫాదర్ జాన్ గ్రోజర్ అను ఆంగ్లికన్ మతాచార్యుడు అండ. పిరాటిన్ 1945లో మైల్ ఎండ్ నుండి పార్లమెంటునకు ఎన్నికయ్యెను. ఊరేగింపు నడ్డగించుటకంటె ఈ అద్దెల పోరాటమే నాకు గొప్పదిగా తోచును. దానికి చిత్రములు లేవు, వార్షికోత్సవములు లేవు.

ఇట్లు కలిసి పోరాడిన స్మృతి తరతరమునకు తనంతట తాను అందునని నమ్మరాదు. 1968 ఏప్రిల్ 20న కన్సర్వేటివ్ పార్లమెంటు సభ్యుడు ఈనక్ పవెల్ బర్మింగుహాములో వలసవచ్చినవారికి వ్యతిరేకముగా చేసిన ప్రసంగమును సమర్థించుచు, మూడుదినములకే పార్లమెంటు భవనమునకు నడచిపోయినవారు ఈ తూర్పు లండను ఓడరేవు కూలీలే. ముప్పదిరెండేండ్లలో తండ్రులు కట్టిన అడ్డుకట్టను కొడుకులు మరచిరి.

అప్పటికే యూదులు ఉత్తరపు పేటలకు తరలిపోవుచుండిరి. వారు విడిచిన కుట్టుమిషనుల ముందు కూర్చున్నవారు సిల్హెట్ మండలపువారు. బ్రిటిష్ ఆవిరి ఓడలలో బొగ్గు పోయు పనికి కుదిరి, రేవులలో దిగి నిలిచిపోయిన నావికులే వారిలో ప్రథములు. 1943లోనే అయూబ్ అలీ మాస్టరు మొదలగువారు నావికుల క్షేమమునకై సంఘమును స్థాపించియుండిరి. బంగ్లాదేశ్ అవతరణానంతరము వారి భార్యాబిడ్డలు వచ్చి చేరిరి. పాడుపడిన ఇండ్లు వారికి దక్కెను. మున్సిపల్ ఇండ్లకై అర్జీ పెట్టినవారిని, శ్వేతజాతివారు దాడులుచేయు మేడలకే పంపుటయు కద్దు. 1970 ఏప్రిల్‌లో భోజనశాలలో పనిచేయు తోసిర్ అలీ రాత్రివేళ ఇల్లు చేరుచుండగా హతుడయ్యెను. తలుపు సందులలో నిప్పు వేయుట, బడినుండి వచ్చు పిల్లలను తరుముట, స్త్రీలపై ఉమ్మివేయుట నిత్యకృత్యములయ్యెను. ఠాణాకు పోయి చెప్పికొన్నచో, అది దొమ్మీయనియో, త్రాగుబోతుల అల్లరియనియో, ఇరుగుపొరుగు తగవనియో వ్రాసికొందురు; కొన్నిమారులు ఫిర్యాది పాసుపోర్టునే ముందు అడుగుదురు. దొంగను పట్టుకొమ్మని పోయినవానిని నీవెవడవని ప్రశ్నించు ఠాణాకు రెండవసారి ఎవడు పోవును? కనుక దాడులు కొల్లలుగా జరుగుచున్నను ప్రభుత్వపు లెక్కలలో అవి లేవు. లెక్కలో లేనిదానికి ఉపాయము చింతించువా డెవ్వడు?

1978 మే 4వ తేదీన మున్సిపల్ ఎన్నికలు. ఆ సాయంకాలము అల్తాబ్ అలీ అను 24, 25 ఏండ్ల కుట్టుపనివాడు, బ్రిక్ లేన్ చెంత తాను పనిచేయు కార్ఖానానుండి ఇంటికి నడచిపోవుచుండగా, ఆడ్లర్ వీథిలో, యుద్ధకాలపు బాంబులకు కూలిన సెయింట్ మేరీ దేవాలయపు తోట ప్రక్కను, ముగ్గురు కుఱ్ఱవాండ్రు అతనిని పొడిచి చంపిరి. అతనికి వారితో పరిచయము లేదు, తగవు లేదు. అతని వర్ణమే అతని అపరాధమని న్యాయస్థానమున తేలినది. అంతకుముందు ఎందఱు దెబ్బలుతినినను పెద్దలు ఓర్పు వహింపుడనియే చెప్పుచుండిరి. ఈ మరణమునకు యువకుల ఓర్పు నశించెను. మే 14న, వాన కురియుచుండగా, ఏడువేలకు తక్కువకాని జనము శవపేటిక వెంట వైట్‌చాపెల్ నుండి హైడ్ పార్కుకును, అటనుండి ప్రధానమంత్రి వాసమునకును నడచిరి. అల్తాబ్ అలీని చంపినదెవరు, జాతిద్వేషమే, అని ఒకరు ప్రశ్నయు ఒకరు ఉత్తరమునుగా ఆ వీథులవెంట వారు చేసిన నినాదము, మూగగా బ్రదికిన ఒక తరమునకు గొంతునిచ్చెను. మేమిచటనే యుందుము, ఇచటనే పోరాడుదుము అనునది రెండవ నినాదము. ఆ తోటకు 1998లో అల్తాబ్ అలీ పార్కు అని పేరు పెట్టిరి. ఢాకా భాషోద్యమ అమరుల షహీద్ మినారునకు ప్రతిరూపమును అందు నిలిపిరి.

ఆ వేసవియే నిజమైన పరీక్ష. నేషనల్ ఫ్రంట్ అను జాతివాద పక్షమువారు ప్రతి ఆదివారము, బెత్నల్ గ్రీన్ రోడ్డును బ్రిక్ లేన్ కలియు మూలను నిలిచి తమ పత్రికను విక్రయించుచు, దారినబోవువారిని అవమానించుచుండిరి. జూను 11న 150 మంది దుండగులు వీథినిబడి అంగళ్ళు ధ్వంసము చేసిరి. ఆ దినములలోనే, గ్రేటర్ లండన్ కౌన్సిలువారు వంగీయులకు ప్రత్యేకమైన గృహసముదాయములను ఏర్పరుపదలచిరను వార్త పొక్కెను. మమ్మొక దొడ్డిలో తోలుటకు మేము పశువులమా యని ఆ జనులు ఆగ్రహించిరి. నెల ముగియకమునుపే హాక్నీలో ఇషాక్ అలీ హతుడయ్యెను. ప్రతీకారము చేయువారికి అవకాశములు కలవు. కాని పేట యువకులు, స్థానిక కార్మికసంఘములును జాతివాద వ్యతిరేక సంఘమైన ఆంటీ నాజీ లీగును తోడురాగా, వేరుపని తలపెట్టిరి. నేషనల్ ఫ్రంట్ వారికంటె ముందుగనే ఆ మూలకు పోయి, తెల్లవారకమునుపే కూర్చుండిరి. కూర్చున్నచోటు వారిదే యయ్యెను. జూలై 17న తూర్పు లండనులోని వంగీయ, తదితర ఆసియా కార్మికులు పనిమాని, అంగళ్ళు మూసి సమ్మె చేసిరి. ప్రతి ఆదివారము ఆ మూలను ఆక్రమించి కూర్చుండుట ఎంత కష్టమో, వారమంతయు మిషను త్రొక్కి అలసిన దేహములకే తెలియును.

ఈ పోరాటమున అందఱు నేకగ్రీవులైరని చెప్పుట అసత్యము. 1978 సెప్టెంబరు 24న ఆంటీ నాజీ లీగువారు దక్షిణ లండనులోని బ్రాక్‌వెల్ పార్కులో సంగీతోత్సవమునకు అపారమైన జనమును పిలిచిరి. ఆనాడే నేషనల్ ఫ్రంట్ తూర్పు లండనునకు ఊరేగింపు తీసెను. బ్రిక్ లేన్‌ను కాపాడుటకు చాలినంతమంది రాలేదు. మీకు గీతములు ముఖ్యమా, మా ప్రాణములు ముఖ్యమా యని పేటవారు అడిగిన ప్రశ్న న్యాయమైనదే. బయటినుండి వచ్చు సానుభూతికి పండుగదినములు కలవు. వీథిలో నివసించువానికి ప్రతి రాత్రియు ఇల్లు చేరుటయే సమస్య.

అదే సెప్టెంబరులో బెత్నల్ గ్రీన్, స్టెప్నీ కార్మికసంఘముల మండలి 'బ్లడ్ ఆన్ ది స్ట్రీట్స్' అను చిన్న నివేదికను ప్రచురించెను. మూడేండ్లలోపల ఆ పేటలో జరిగిన 100కు పైబడిన దాడులు, తేదీ, చోటు, గాయము, పోలీసులు చేసినది, చేయనిది, అన్నియు అందు వరుసగా కలవు. వక్తృత్వము లేదు, అలంకారము లేదు. ఒక దాడిని కాదనవచ్చును, పది దాడులను కాకతాళీయములనవచ్చును. నూటిని మించినవానిని ఏమనవలెను? ఆ సంచిక మొదలుకొని ప్రభుత్వమునకు ఎదురుగా ప్రజల లెక్క యొకటి నిలిచినది. 1980లో అక్తర్ అలీ బేగ్ హత్యానంతరము ప్రక్కనున్న న్యూహామ్ పేటలో వెలసిన మానిటరింగ్ ప్రాజెక్టువారు ఈ పనినే వృత్తిగా స్వీకరించిరి. అర్ధరాత్రి గాజుపలకలు పగిలినచో ఫోను చేయుటకు ఒక సంఖ్య, ఫోనెత్తుటకు మేలుకొనియున్న ఒక మనిషి, ఠాణాకు తోడుపోవుటకు మఱొకడు, వకీలు నేర్పరచుటకు ఇంకొకడు. జరిగినది జరిగినట్లు వ్రాయుటకు ఒక పుస్తకము. 1981లో హోం శాఖయే తొలిసారి అధ్యయనము జరిపి, జాతిద్వేషపు దాడులకు గురియగు అవకాశము శ్వేతజాతివారికంటె ఆసియావారికి 50 రెట్లు అధికమని ఒప్పుకొనెను. పేటవారికి ఇది కొత్త సంగతి కాదు. కాని ప్రభుత్వపు ముద్రతో వెలువడుట కొత్త.

పిదప పదేండ్లును సుఖముగా గడచినవి కావు. 1993 సెప్టెంబరులో తూర్పు లండనులోని మిల్‌వాల్ ఉపయెన్నికలో జాతివాద పక్షమైన బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి 7 ఓట్ల తేడాతో గెలిచెను. మరుసటి మేలో అతడోడినది అతని ఓట్లు తగ్గుటవలన కాదు, అవి పెరిగినవి; మతాచార్యులును, యువజనసంఘములును, స్త్రీలును గడపగడపకు తిరిగి, ఎన్నడును ఓటువేయనివారిని ఓటువేయించుటవలన. ఇంటింటికి తిరుగు పని ఎప్పటికిని చిన్నది కాదు.

1993లోనే, ఏప్రిల్ 22న దక్షిణ లండనులోని ఎల్థామ్‌లో బస్సుకై నిలిచియున్న 18 ఏండ్ల స్టీఫెన్ లారెన్స్ అను నల్లజాతి విద్యార్థి శ్వేత యువకుల ముఠాచేత హతుడయ్యెను. అనుమానితుల పేర్లు వెంటనే పోలీసులకు అందినను, దర్యాప్తు నడచిన తీరు సిగ్గుచేటు. తల్లి డోరీన్, తండ్రి నెవిల్ విసుగక ఏండ్లకేండ్లు అడిగిన మీదట 1997లో బహిరంగ విచారణకు ఆజ్ఞ యయ్యెను. 1999 ఫిబ్రవరిలో సర్ విలియం మాక్‌ఫర్సన్ తన నివేదికలో లండను పోలీసుశాఖ వ్యవస్థలోనే జాతివివక్ష పాదుకొని యున్నదని నిర్ధారించి, 70 సిఫార్సులు చేసెను. వానిలో నాకు మిక్కిలి ముఖ్యముగా తోచునది నిర్వచన మొకటి: బాధితుడుగాని మఱియెవ్వరుగాని జాతిద్వేషజన్యమని భావించిన ప్రతి సంఘటనను జాతిద్వేష సంఘటనగానే నమోదు చేయవలెను. తీర్పు పిదప, ముందు వ్రాసికొనవలెను. 1978లో కార్మికసంఘపు గదిలో టైపుమిషనుపై తయారయిన ఆ వరుసలు కోరినదిదియే. 1998 నాటి క్రైమ్ అండ్ డిసార్డర్ చట్టము జాతిద్వేషప్రేరితములైన నేరములకు అధికశిక్ష విధించెను. లారెన్స్ హంతకులలో ఇద్దఱకు 2012లో శిక్షపడెను, హత్య జరిగిన పందొమ్మిదవ యేట. నివేదిక వెలువడిన రెండు నెలలకే, 1999 ఏప్రిల్ 24న, ఒక జాతివాది బ్రిక్ లేన్‌లోనే బాంబు ప్రేల్చెను. ఆదివారపు సంత శనివారముననే జరుగునని అతడు పొరబడుటచేత ప్రాణములు దక్కినవి.

తెలుగువారు ఈ చరిత్రను పరాయిదిగా తలపనక్కరలేదు. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమున, ఒలేత పట్టణపు పానశాలలో, హైదరాబాదునుండి పోయిన ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్ తుపాకికి బలియయ్యెను. మా దేశము విడిచిపొమ్మని హంతకుడు కేకవేయుట అచటివారందఱు వినిరి. ఆ మాటలు వినినవారి సాక్ష్యమున్నందుననే ఆ హత్యను ఫెడరల్ ప్రభుత్వము ద్వేషనేరముగా విచారించుటయు, 2018లో యావజ్జీవ శిక్ష పడుటయు సంభవించెను. విదేశములలోని మన సంఘములు ఉగాదికిని సంక్రాంతికిని చూపు శ్రద్ధను, అర్ధరాత్రి ఫోనెత్తు మనిషిని నియమించుటయందును చూపవలెనని కోరుదును. న్యూహామ్‌వారు నడపినది ధనవంతుల సంస్థ కాదు.

ఇంగ్లండు, వేల్సులలో పోలీసులు నమోదుచేసిన జాతిద్వేష సంఘటనల సంఖ్య మాక్‌ఫర్సన్ నివేదికానంతరము అమాంతముగా పెరిగినది. దేశమొక్కసారిగా చెడిపోయెనని కొందఱు పత్రికలవారు వ్యాఖ్యానించిరి. ఆ పెరిగిన సంఖ్యలో చాల భాగము పూర్వము జరిగియు వ్రాయబడని దాడుల వంటిదే. ఠాణాలో మొదటిసారి కుర్చీవేసి కూర్చుండబెట్టి, చెప్పుమని అడిగినందున చెప్పినవారి సంఖ్య అది.